నాలుగో డబ్బాలో ఐదో రీలు

మా నాన్నకి ఒక సినిమా నచ్చిందంటే ఇంట్లో ఎవరికో మూడిందని అర్థం. నచ్చకపోతే బెంగలేదు, అది వారం వారం ఉండే భాగోతమే. పేపర్లో ఆదివారం పేజీలో ఆయన రాసే శీర్షిక పేరు 'జల్లెడ'. ఊళ్ళో అందరూ ఆయన్నే జల్లెడ గారనేవాళ్ళు. నీటి సరఫరా ఆఫీసులో ఆయన గుమాస్తా అన్న సంగతి ఆ ఆఫీసువాళ్ళకి తప్ప ఇంకెవరికీ గుర్తుండేది కాదు. ఏయే దేశాల్లోనో పేరు మోసిన సినిమాలు ఆయన జల్లిస్తే పొట్టు తప్ప ఏమీ మిగిలేది కాదు.

ఆయన దస్తూరి మాత్రం కోడి కెలికినట్టుండేది. ప్రెస్సులో అక్షరాలు కూర్చేవాళ్ళు ఓసారి కాగితాలు తిప్పి పంపి, మా వల్ల కాదు మహాప్రభో అని కబురంపారు. అప్పట్నుంచీ ఆయన చెప్పడం, నేను రాయడం. నా దస్తూరి బావుంటుంది. గొప్పకి చెప్పుకోవడం లేదు, ఆ ఇంట్లో నా గురించి ఎవరైనా అన్న మంచిమాట అదొక్కటే.

నాకు పద్దెనిమిదేళ్ళప్పటి ఎండాకాలం అది. పరీక్షలు రాసేసి ఫలితాల కోసం చూస్తున్నాను. ఫిల్మ్ సొసైటీవాళ్ళు ఆ వేసవిలో పన్నెండు ఆదివారాలు పన్నెండు విదేశీ సినిమాలు వేస్తామని ప్రకటించారు, సగం పాతవి, సగం కొత్తవి. పొద్దున్న పదింటికి ఆట. హాల్లో ఫ్యాన్లు తిరిగితే మాటలు వినపడవు, ఆపితే ఊపిరాడదు. అందుకని జనం తెర అడుగున పడే అక్షరాలు చదువుకుంటూ విసనకర్రలు ఊపుకునేవాళ్ళు.

ఆ హాల్లో ఆపరేటరు మా మామయ్య, అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు. పదకొండేళ్ళుగా టెంపరరీ. మా ముందుగదిలో ఓ మడతమంచం, మేకుకి రెండు చొక్కాలు, అంతే ఆయన సంసారం. ఈ సీజను ఏ గొడవా లేకుండా నడిపిస్తే పర్మనెంటు చేసి, హాలు వెనక గది కూడా ఇస్తామని సొసైటీ సెక్రటరీ మాటిచ్చాడు. ముప్ఫై ఆరేళ్ళ మామయ్య ఆ గదికి వెళ్ళి కిటికీ కొలతలు కూడా తీసుకొచ్చుకున్నాడు.

"బావ పంచన పడున్నానన్న మాట పోతుందే," అన్నాడు నాతో. "అంతకంటే నాకేం కావాలి?"

మొదటి ఆదివారం ఒక వంతెన కాపలావాడి కథ వేశారు, పాత సినిమా. ఆట అయ్యాక మధ్యాహ్నం భోజనాల దగ్గర నాన్న ఛాయాగ్రహణం గురించి దంచుతున్నాడు. మామయ్య మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టి, అమ్మతో మెల్లగా అన్నాడు.

"వాడికి వంతెన మీద ప్రేమేం లేదక్కా. దాటిపోయేవాళ్ళంటే కుళ్ళు. అందుకే అంత శ్రద్ధగా కాపలా కాస్తాడు."

"కన్నంలోంచి చూసి కథలు చెప్పకోయ్," అన్నాడు నాన్న. "నువ్వు చూసేది సినిమా కాదు, బొమ్మ సరిగ్గా పడుతోందా లేదా అని."

మామయ్య నవ్వి ఊరుకున్నాడు. ఆపరేటరు గదిలోంచి తెర కనిపించే కన్నం జానెడుంటుంది. మిషను మోతలో ఒక్క మాటా వినపడదు. పదకొండేళ్ళు మొహాలు చూసే కథలు తెలుసుకున్నాడాయన. ఆ సంగతి నాన్నకెందుకు పడుతుంది?

మర్నాడు సాయంత్రం నాన్న పడక్కుర్చీలో కళ్ళు మూసుకుని చెబుతున్నాడు, నేను రాస్తున్నాను. "ఆ కాపలా వెనక ఉన్నది ప్రేమ కాదు, అసూయ. దాటిపోగలవారి మీద, దాటలేనివాడి అసూయ." నేను కలం ఆపి తలెత్తాను.

"ఏం, చెయ్యి నొప్పా?" అన్నాడు కళ్ళు తెరవకుండానే.

రాశాను. ఆదివారం పేపరు తెచ్చి మామయ్యకి చూపించి, "నీ మాటే, చూడు," అన్నాను. ఆయనకి కోపం రాలేదు సరికదా, ఆ ముక్క రెండుసార్లు చదువుకున్నాడు. "పోనీలేవే. నేనంటే ఎవడు వింటాడు? బావంటే అచ్చులో పడింది," అన్నాడు. ఇలాంటి మనిషితో ఏం వేగుతాం చెప్పండి.

మూడో ఆదివారం మంచుదేశం సినిమా వేశారు. కొత్తది, ఏవో పెద్ద బహుమతులన్నీ దానికే వచ్చాయట. మూడు గంటల సేపు ఒక మొగుడూ పెళ్ళామూ కిటికీలోంచి మంచు చూస్తూ ఉంటారు, ఒక్క ముక్క మాట్లాడుకోరు. ఆట అయ్యాక ఎప్పట్లాగే సెక్రటరీ, ఇద్దరు లెక్చరర్లు, ఇంకెవరో మా వరండాలో చేరారు. అమ్మ టీలు ఇచ్చింది. ఒకాయన "ఆ మౌనం ఉంది చూశారూ" అని మొదలుపెట్టి ఆగాడు, తర్వాత ఏమనాలో తోచక. కప్పులు తీస్తున్నదాన్ని, ఏ ధైర్యం వచ్చిందో గానీ నోరు విప్పాను.

"వాళ్ళు మాట్లాడుకోకపోవడానికి కథలో కారణమే లేదండీ. డైరెక్టరు మాట్లాడనివ్వలేదు, అంతే."

ఒక్క క్షణం అందరూ నావంక చూశారు. సెక్రటరీ పగలబడి నవ్వి, "జల్లెడ గారింట్లో పిల్ల జల్లెడ కూడా ఉందే!" అన్నాడు. నిజంగా మెచ్చుకునే అన్నాడు పాపం. నా చెవులు వేడెక్కాయి, సంతోషంతోనే.

నాన్న టీ చప్పరించి, తీరిగ్గా కప్పు పెట్టాడు. "మా అమ్మాయి దస్తూరి ముత్యాల కోవండీ. చేతికున్న తెలివిలో పావలా వంతు తలకి కూడా ఉంటే బావుణ్ణు."

అందరూ నవ్వారు. సెక్రటరీ కూడా నవ్వాడు. కప్పులు తీసుకుని లోపలికెళ్ళి, వంటింట్లో కుళాయి విప్పి, ఒక కప్పునే కడుగుతూ చాలాసేపు నిలబడ్డాను. ఏడుపు రాలేదు. అది వచ్చినా బావుండేది.

మర్నాడు సాయంత్రం పడక్కుర్చీలోంచి ఆయన గొంతు వచ్చింది. "రాయి. ఈ దంపతుల మౌనానికి కారణం కథలో లేదు. దర్శకుడి ఆజ్ఞలో ఉంది." నా వాక్యం నా చేతనే రాయించాడు. నాదని ఆయనకి గుర్తయినా లేదు. దొంగతనమని తెలిసి చేస్తే కొంత మర్యాదగా ఉండును. ఈయన ఒక్కసారి, ఒకే ఒక్కసారి అందరి ముందూ బోర్లాపడితే చూడాలని ఉందనుకున్నాను. ఇది ఎవరికీ చెప్పలేదు.

ఆరో ఆదివారం పడవమనిషి సినిమా. చాలా పాతది, నలుపు తెలుపు. రీళ్ళ పెట్టె శనివారం సాయంత్రం రైల్లో దిగింది. ప్రతి రీలునీ బల్లమీద చేత్తో తిప్పి, మొదలూ చివరా దీపానికి పట్టి చూసుకుంటే గానీ మామయ్య మిషను ఎక్కించడు. ఆదివారం తెల్లారగానే ఆ పనికి బయల్దేరుతుంటే నాన్న ఆపాడు.

"మా పేపరు ఎడిటరు గారు వస్తానన్నారు ఇవాళ. నా వ్యాసాలు పుస్తకం వేసే విషయం తేల్చేస్తారు. నువ్వెళ్ళి దగ్గరుండి తీసుకురా."

"రీళ్ళు చూసుకోవాలి బావా. ఎనిమిదున్నాయి."

"పదకొండేళ్ళ బట్టీ చూస్తూనే ఉన్నావుగా, ఈ ఒక్కపూట చూడకపోతే కొంపలేం మునగవు. వెళ్ళు."

ఎడిటరు గారిల్లు ఊరికి ఆ చివర. ఆయన స్నానం చేసి, బట్టలు మార్చుకుని బయటపడేసరికి తొమ్మిదిన్నర దాటింది. మామయ్య పరుగున హాలుకి చేరి, డబ్బాల మీద అంకెలు చూసి, వరసగా ఎక్కించాడు.

ఆ సినిమాలో ఒక తల్లి ఏటిమీద పడవ నడిపి ఇద్దరు కొడుకుల్ని సాకుతుంది. పెద్దవాడు పట్నం వెళ్ళిపోతానంటాడు. తల్లి వద్దనదు, ఔననదు. నాలుగో రీల్లో దీపం ముందు కూర్చుని వాడి కోటుకి ఊడిపోయిన గుండీ కుడుతుంది. ఐదో రీల్లో జబ్బుచేసి చచ్చిపోతుంది, వాడు ఆ కోటు వేసుకుని ఇల్లు వదిలిపోతాడు. తీసినవాడు తీసిన వరస ఇదీ. మాకంటే ముందు ఏ ఊళ్ళో ఆడించారో గానీ, అక్కడివాళ్ళు నాలుగో డబ్బాలో ఐదో రీలు, ఐదో డబ్బాలో నాలుగో రీలు పెట్టి పంపారు. రీలు మొదట్లో అంకె ఉండే ముక్క తెగిపోయింది. మా హాల్లో ఆవేళ తల్లి ముందు చచ్చిపోయింది. కొడుకు కోటు తొడుక్కుని, గుండీ పెట్టుకుని, గుమ్మం దాటాడు. ఆ తర్వాత తల్లి దీపం ముందు కూర్చుని, సూదిలో దారం ఎక్కించి, ఆ గుండీ కుట్టింది.

హాల్లో ఒక్కడూ కిక్కురుమనలేదు. విదేశీ సినిమా కదా, అలాగే ఉంటుంది కాబోలనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను.

దీపాలు వెలిగాక చూస్తే నాన్న కళ్ళు తడిగా ఉన్నాయి. నేను పుట్టి బుద్ధెరిగాక అదే చూడటం. వరండాలో ఎడిటరు గారి చెయ్యి పట్టుకుని, "చచ్చిపోయిన తల్లి మళ్ళీ వచ్చి గుండీ కుట్టడం ఏమిటండీ! వీడు చావుకే ఎదురు తిరిగాడు," అంటున్నాడు. చుట్టూ ముప్ఫైమంది మూగారు.

మామయ్య మెట్ల దగ్గర నన్ను పక్కకి లాగాడు. చొక్కా చెమటతో తడిసి ముద్దయిపోయింది.

"రీళ్ళు తారుమారయ్యాయే. నాలుగుకి ఐదు పడింది. ఆవిడ మళ్ళీ కనపడ్డాక గానీ నాకు తెలీలేదు. మధ్యలో ఎలా ఆపను? ఎడిటరు గారున్నారు, అందరూ ఉన్నారు."

"నాన్నకి చెప్పావా?"

"చెబుదామనే వచ్చాను. ఆయన మాట్లాడుతున్నది వింటే నోరు పెగల్లేదు. నువ్వు చెప్పవే. రేపు రాయించేముందు, ఒక్క ముక్క. నన్ను తిడితే తిట్టనీ. అచ్చులో పడ్డాక మాత్రం ఎవరం ఏం చెయ్యలేం."

"సరే," అన్నాను.

సోమవారం సాయంత్రం కాగితాలు సర్దుకుని కూచున్నాను. నాన్న పడక్కుర్చీలో వాలి కళ్ళు మూసుకున్నాడు. తర్వాత, "ఈ చిత్రాన్ని నేను చూడటం ఇది మూడోసారి, అని మొదలుపెట్టు," అన్నాడు. పాత సినిమా దేన్నైనా ఆయన మూడోసారే చూసేవాడు. ఊరు దాటి ఎరగడు. లైబ్రరీ పుస్తకంలో దాని గురించి రెండు పేరాలు చదివితే ఒకసారి చూసినట్టు లెక్క.

తర్వాత చెప్పింది మాత్రం పుస్తకాల్లోది కాదు. తల్లి చనిపోయాక కూడా ఆవిడ చేసిపెట్టిన పనులు ఇంట్లో అలా జరుగుతూనే ఉంటాయనీ, ఆవిడ కుట్టిన గుండీ మనం పెట్టుకున్న ప్రతిసారీ ఆవిడ మళ్ళీ సూదిలో దారం ఎక్కిస్తుందనీ చెప్పాడు. పెద్ద పెద్ద మాటలేం లేవు. ఆగి, నాతో కాదన్నట్టు అన్నాడు. "మా అమ్మ పోయేనాటికి నాకు ఏడేళ్ళు. నా చొక్కాకి ఆవిడ కుట్టిన గుండీ ఒకటుండేది. చొక్కా చిరిగిపోయాక గుండీ దాచుకున్నాను. ఎక్కడో పోయింది."

పద్దెనిమిదేళ్ళలో ఆయన నాతో సొంత విషయం చెప్పడం అదే మొదలు. ఇప్పుడు చెప్పేద్దామనుకున్నాను. నిజంగా అనుకున్నాను. నాన్నా అని పిలిచాను కూడా.

"చూస్తావేం? రాయి. నీ పని రాయడం."

చేతికున్న తెలివి తలకి లేదు కదా అనుకున్నాను. రాశాను. ఆ వారం ఇంకాస్త పొందికగా రాశాను. ముందుగదిలో మామయ్య చెప్పావా అని అడిగితే తలాడించాను. అది ఔననా కాదనా అన్నది ఆయనకే వదిలేశాను.

ఆదివారం పేపరొచ్చాక ఊరు ఊరంతా దాని గురించే మాట్లాడింది. నీటి సరఫరా ఆఫీసులో పెద్ద ఇంజనీరు నాన్నని గదిలోకి పిలిచి కుర్చీ వేశాడట. అమ్మ చదివి కళ్ళొత్తుకుంది. మామయ్య పేపరు మడిచి మంచం మీద పెట్టి, నావైపు చూడకుండా అన్నాడు. "తప్పు నాదే గానీ, బావ రాసింది చదివాక ఆ సినిమా నిజంగా అలాగే ఉంటే ఎంత బావుండునో అనిపించింది."

పది రోజులకి పేపరాఫీసుకి ఒక ఉత్తరం వచ్చింది. రాసినావిడ రిటైరయిన టీచరమ్మ. పాతికేళ్ళ కిందట పరాయిదేశంలో చదువుకునేటప్పుడు ఆ సినిమా చూశాననీ, తల్లి గుండీ కుట్టింది బతికుండగానే అనీ, చచ్చిపోయాక తిరిగి వచ్చినట్టు గుర్తులేదనీ, మతిమరుపు వయసు గనక మూడుసార్లు చూసిన జల్లెడ గారే సందేహం తీర్చాలనీ. ఎక్కడా ఎత్తిపొడుపు లేదు. అందుకే అది బాకులా దిగింది. ఉత్తరాన్నీ జవాబునీ పక్కపక్కనే వేస్తామన్నారు ఎడిటరు గారు.

నాన్న ఆ ఉత్తరం పట్టుకుని ఇంటికొచ్చి, చెప్పులు కూడా విడవకుండా ముందుగదిలోకి వెళ్ళాడు. నేను గుమ్మం దగ్గరున్నాను. మామయ్య చదివి, కాగితం తిరిగిచ్చి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. అంకె ముక్క తెగిపోయిందన్నాడు. తిప్పి చూసుకోవడానికి టైము లేకపోయిందన్నాడు. ఆ టైము ఎక్కడికి పోయిందో మాత్రం చెప్పలేదు. నాన్నా అడగలేదు.

నాన్న అరుస్తాడనుకున్నాను. ఒక్కటే అడిగాడు.

"ఎవరికైనా చెప్పావా?"

మామయ్య తల ఎత్తలేదు. "లేదు బావా."

నేను అక్కడే ఉన్నాను. గుమ్మానికి ఒక చెయ్యి ఆనించి నిలబడ్డాను. చెప్పాడు నాన్నా, నాకే చెప్పాడు, నేనే మింగేశాను అనడానికి ఎంతసేపు పడుతుంది? అంత సేపూ నిలబడ్డాను.

ఆ సాయంత్రమే జవాబు రాయించాడు. పడక్కుర్చీలో కూచోలేదు, గదిలో తిరుగుతూ చెప్పాడు. "నేనీ చిత్రాన్ని ఇదివరకే రెండుసార్లు చూసినవాణ్ణి. రీళ్ళు తారుమారైన సంగతి ఆ క్షణాన్నే గ్రహించాను. ఒక ఆపరేటరు అజ్ఞానం వల్ల చచ్చిన తల్లి లేచి వస్తే, హాలు నిండా రసికులు నోరు తెరుచుకుని చూడటం కూడా గమనించాను. ఏది చూపిస్తే అదే కళ అనుకునే మన అమాయకత్వానికి నా వ్యాసం ఒక పరీక్ష. ఊరంతటిలో ఆ పరీక్షలో నెగ్గింది ఒక్క టీచరమ్మ గారే."

అమ్మ కూరగాయల బుట్ట పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి విన్నది. అంతా అయ్యాక, మామూలుగా, ధర అడిగినట్టు అడిగింది.

"ఎక్కడ చూశారండీ, రెండుసార్లు?"

నాన్న నావైపు తిరిగి, "చదువు," అన్నాడు. చదివాను.

"ఆపరేటరనే అన్నాను, వాడి పేరెత్తలేదు," అన్నాడు అమ్మ వినేలా. ఊళ్ళో ఇంకో పదిమంది ఆపరేటర్లు ఉన్నట్టు!

గుండీ గురించి ఆయన చెప్పినదంతా, ఏడేళ్ళ పిల్లాడు దాచుకున్న ఆ గుండీతో సహా, పరీక్ష పేపరైపోయింది. జీవితంలో ఒక్కసారి మనసు విప్పి నిజం రాశాడు, దాన్ని కూడా తన పరువు కోసం అబద్ధం చేసుకున్నాడు. అది నా కళ్ళముందే జరుగుతుంటే నేను కొత్త కాగితం తీసుకుని శుభ్రంగా తిరగరాశాను. ఆయన బోర్లాపడలేదు. పడాల్సిన దెబ్బ పక్కమనిషికి తగిలింది.

ఎడిటరు గారు పడీపడీ నవ్వారట. "జల్లెడ మనందర్నీ కలిపి జల్లించాడయ్యా," అని సెక్రటరీకి ఫోను చేసి మరీ చెప్పారట. హాలు నిండా తెల్లమొహం వేసినవాళ్ళకి తెల్లమొహం దాచుకోవడానికి తప్పు మోసే మనిషొకడు కావాలి. కమిటీ మామయ్యని పిలిచి, పర్మనెంటు సంగతి తర్వాత, మిగిలిన ఆదివారాలకి కూడా రావక్కర్లేదంది. తాళాలు అక్కడే బల్లమీద పెట్టించుకున్నారు.

మామయ్య వెళ్ళిపోయిన రోజు గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. మడతమంచం మడిచి గోడకి చేరేశాడు. రెండు చొక్కాలు సంచీలో పెట్టాడు. అమ్మ, "నువ్వెందుకురా వెళ్ళడం, ఇది నీ అక్క ఇల్లు," అంది. "కాదక్కా, బావ ఇల్లు," అన్నాడు, కోపం లేకుండానే. నా నెత్తిన చెయ్యి వేసి, మెట్లు దిగాడు. నాన్న ఆఫీసుకి వెళ్ళిన టైము చూసుకునే వెళ్ళాడు.

ఆ తర్వాత అమ్మ ఆదివారం పేపరు ముట్టుకోలేదు. వరండాలో టీలు నేనే ఇచ్చేదాన్ని. అమ్మ నాన్నకి వడ్డించేది, బట్టలు తీసిపెట్టేది, జ్వరమొస్తే పక్కన కూచునేది. కానీ ఆయన ఏదైనా సినిమా గురించి ఎత్తుకోగానే లేచి లోపలికి వెళ్ళిపోయేది. ఎంత ఉత్సాహంగా చెబుతున్నా సరే, వాక్యం మధ్యలో లేచేది. కొన్నాళ్ళకి ఆయన ఇంట్లో సినిమాల గురించి మాట్లాడటమే మానేశాడు.

వానలు తగ్గుముఖం పట్టే వేళకి పుస్తకం వచ్చింది. అట్టమీద జల్లెడ బొమ్మ. పడవమనిషి వ్యాసమూ, జవాబూ అందులో పక్కపక్కనే ఉన్నాయి. ఊళ్ళో అందరూ ముందు అవే తీసి చదివారు. నేను ఒక కాపీ సంచీలో వేసుకుని మామయ్య దగ్గరికి వెళ్ళాను. ఎందుకు తీసుకెళ్ళానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఒప్పుకోవడానికి వట్టిచేతుల్తో వెళ్ళలేకపోయాననుకుంటాను.

బజార్లో ఆరంతస్తుల దుకాణం ఒకటుండేది. అందులో లిఫ్టు నడుపుతున్నాడు. ఖాకీ చొక్కా, కూర్చోవడానికి ఓ ముక్కాలి పీట. నన్ను చూసి మొహం చేటంత చేసుకున్నాడు.

"చూశావా, ఇక్కడా ఆపరేటర్నే! కాకపోతే కన్నం కూడా లేదు."

అమ్మ ఎలా ఉందని అడిగాడు. నా ఫలితాల గురించి అడిగాడు. నాన్న ఎలా ఉన్నాడని కూడా అడిగాడు. జనం లేని టైము, లిఫ్టు కిందే ఆగి ఉంది. పుస్తకం ఇచ్చాను. అట్ట తిప్పాడు.

మొదటి పుటలో ఒక చేతిరాత కాగితాన్ని ఫోటో తీసి అచ్చువేశారు. కింద 'విమర్శకుని స్వదస్తూరి' అని ఉంది. ప్రెస్సువాళ్ళకి ఏది దొరికితే అది వేసుకున్నారు. దొరికింది ఆ జవాబు. ఒక ఆపరేటరు అజ్ఞానం వల్ల, అన్న వాక్యం సరిగ్గా పుట నడిమధ్యలో ఉంది. నేను ఇంట్లో ఆ పుట చూసుకోలేదు. అక్కడే, ఆయన చేతుల్లోనే చూశాను.

మామయ్య పైనుంచి కిందిదాకా నింపాదిగా చదివాడు.

"మామయ్యా," అన్నాను. "ఆ సోమవారం నేను నాన్నకి చెప్పలేదు."

"తెలుసులేవే."

"ఎప్పట్నుంచి?"

"పేపర్లో చదివినప్పట్నుంచి. నువ్వు చెప్పుంటే బావ అది రాసేవాడు కాదు కదా."

"కావాలనే చెప్పలేదు."

ఆయన వేలితో ఆ అక్షరాల్ని ఒక వరస పొడుగునా నిమిరాడు.

"నీ దస్తూరి ఎంత బావుంటుందే," అన్నాడు. "ఒక్క కొట్టివేత కూడా లేదు."

పైనుంచి ఎవరో గంట కొట్టారు. పుస్తకం నా చేతిలో పెట్టి, జాలీ తలుపు లాగి, మీట తిప్పాడు. తలుపు మీద ఒకటో అంకె వెలిగింది, రెండు, మూడు. నాలుగు వెలిగింది, ఆ తర్వాత ఐదు. నేను పుస్తకం పట్టుకుని కిందే నిలబడ్డాను.